సీ8, 911, సుప్రా, మస్టాంగ్ జీటీ: స్టిక్కర్ మీది మైలేజీ రోడ్డు మీద నిజంగా ఎంత వస్తుంది?

ప్రాస్పర్_కమ్యూట్

నమస్తే అందరికీ. డాలస్ వైపు ప్రాస్పర్ నుంచి లాస్ కొలినాస్‌కి రోజూ నడపడానికి వాడిన స్పోర్ట్స్ కారు చూస్తున్నాను. ఒకవైపు 30 మైళ్ల పైచిలుకు. ముప్పాతిక వంతు టోల్‌వే, అక్కడ గంటకు 70 నుంచి 80 మైళ్ల మధ్య పోతుంది. మిగతాది సిగ్నళ్లు, సాయంత్రాలు జామ్. ఏడాదికి 15,000 మైళ్లు తిరుగుతుంది.

చివరికి నాలుగు కార్లు మిగిలాయి. కారు స్టిక్కర్ మీద ఉండే ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) అంకెలు సిటీ/హైవే/కంబైన్డ్ వరుసలో ఇస్తున్నాను, అన్నీ ఎంపీజీలో (గాలన్‌కి మైళ్లు):

2022 కార్వెట్ సీ8 స్టింగ్రే: 16/24/19
2020 పోర్షా 911 కరెరా, పీడీకే (పోర్షా డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్): 18/24/20
2023 టొయోటా జీఆర్ సుప్రా 3.0: ఆటోమేటిక్ 23/31/26, మాన్యువల్ 19/27/21
2021 మస్టాంగ్ జీటీ, 10 స్పీడ్ ఆటోమేటిక్: 15/24/18

నా రూట్‌లో వీటిలో ఏది స్టిక్కర్‌కి దగ్గరగా ఇస్తుంది, ఏది దాటుతుంది, ఏది పడిపోతుంది? సుప్రాలో ఇంజిన్ ఒక్కటే కదా, గేర్‌బాక్స్ మారితే 5 ఎంపీజీ తేడా ఎలా వచ్చింది? మస్టాంగ్‌లో రెగ్యులర్ (తక్కువ ఆక్టేన్ ఉండే చౌక పెట్రోల్) పోయొచ్చు అంటున్నారు, అది నిజంగా కలిసొస్తుందా? మైలేజీ పట్టించుకునేవాడు స్పోర్ట్స్ కారు కొనకూడదు అనే జవాబు మాత్రం వద్దు. ఈ కార్లకే ఒకదానికీ ఒకదానికీ మధ్య లెక్క కావాలి.

ఓవర్‌డ్రైవ్

సరైన ప్రశ్న. ముందు హార్స్‌పవర్‌ని పక్కన పెట్టి, 70 మైళ్ల స్పీడులో కారు నిజంగా ఎంత పవర్ వాడుతుందో చూద్దాం.

ఈ తరగతి కారుకి గాలి నిరోధకత గుణకం 0.32, ముందు వైశాల్యం 2.1 చదరపు మీటర్లు, బరువు 1,650 కిలోలు అనుకోండి. 70 దగ్గర గాలి వెనక్కి నెట్టే బలం సుమారు 390 న్యూటన్లు, టైర్ల రోలింగ్ నిరోధకత ఇంకో 190. రెండూ కలిపి చక్రాల దగ్గర కావలసింది 18 కిలోవాట్లు, అంటే పాతిక హార్స్‌పవర్. 490 హార్స్‌పవర్ ఇంజిన్ అక్కడ తన సత్తాలో 5 శాతమే వాడుతోంది. అందుకే హైవే మీద 490 ఉన్నదానికీ 380 ఉన్నదానికీ అనుకున్నంత తేడా రాదు.

నష్టం వేరే చోట జరుగుతుంది. పెట్రోల్ ఇంజిన్ తక్కువ లోడ్‌లో నడిచేటప్పుడు థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది. ఆ సందులోంచి గాలి లాక్కోవడానికే కొంత శక్తి పోతుంది, దాన్నే పంపింగ్ లాస్ అంటారు. దానికి తోడు పిస్టన్లు, బేరింగుల రాపిడి. సిలిండర్ల కెపాసిటీ పెరిగినా, ఆర్పీఎం పెరిగినా ఈ రెండు నష్టాలూ పెరుగుతాయి. కాబట్టి హైవే మైలేజీని తేల్చేవి ముఖ్యంగా రెండు: ఇంజిన్ ఎన్ని లీటర్లు, టాప్ గేర్‌లో ఎంత నెమ్మదిగా తిరుగుతోంది.

కార్వెట్ వాళ్లకు ఈ సంగతి ఎప్పట్నుంచో తెలుసు. సీ5 (పాత తరం కార్వెట్) మాన్యువల్‌లో ఆరో గేర్ నిష్పత్తి 0.50, చక్రాల దగ్గరి చివరి గేర్ జత, అంటే ఫైనల్ డ్రైవ్, 3.42. ఈ అంకెలు ఎంత చిన్నవైతే ఇంజిన్ అంత నెమ్మదిగా తిరుగుతుంది. వెనక టైరు 275/40 18తో లెక్క కడితే 70 మైళ్ల దగ్గర ఇంజిన్ 1,500 ఆర్పీఎం చుట్టూ తిరుగుతుంది. 5.7 లీటర్ల వీ8 హైవే మీద అంత మైలేజీ ఇచ్చిందంటే కారణం అదే. ఆ మాన్యువల్ కార్లలో ఫస్ట్ నుంచి నేరుగా ఫోర్త్‌కి తోసే సోలినాయిడ్ కూడా ఉండేది, టెస్టులో ఎంపీజీ పెంచడానికి పెట్టింది. ఇంజిన్ వేడెక్కాక, తక్కువ థ్రాటిల్‌తో మెల్లగా పోతున్నప్పుడు మాత్రమే అది అడ్డం పడుతుంది. కొంచెం గట్టిగా తొక్కి షిఫ్ట్ చేస్తే సెకండ్ మామూలుగానే పడుతుంది.

సుప్రా జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. ఆటోమేటిక్‌లో ఎనిమిదో గేర్ 0.64, ఫైనల్ డ్రైవ్ 3.15. 275/35 19 టైరుతో 70 దగ్గర 1,800 ఆర్పీఎం లోపే. మాన్యువల్‌కి టొయోటా ఫైనల్ డ్రైవ్‌ని 3.46కి మార్చింది, పికప్ చురుగ్గా ఉండాలని. అక్కడే 10 శాతం ఆర్పీఎం పెరిగింది. ఆరే గేర్లు కాబట్టి టాప్ గేర్ కూడా ఆటోమేటిక్ అంత పొడవు కాదు. ఇంజిన్ రోజంతా అవసరానికి మించి తిరుగుతుంది. మీ ముప్పాతిక వంతు టోల్‌వే రూట్‌లో ఈ తేడా తగ్గదు, పూర్తిగా కనిపిస్తుంది. మాన్యువల్ నడపడం మీద మక్కువ ఉంటే తీసుకోండి, దానికి విలువ ఉంది. కానీ మైలేజీ కోసమైతే ఆటోమేటిక్కే.

911లో పీడీకే టాప్ స్పీడుని ఆరో గేర్‌లోనే అందుకుంటుంది. ఏడు, ఎనిమిది గేర్లు పూర్తిగా హైవేలో ఇంజిన్‌ని నెమ్మదింపజేయడానికే. నార్మల్ మోడ్‌లో యాక్సిలరేటర్ వదిలితే క్లచ్ విడిపోయి ఇంజిన్ ఐడిల్‌కి దిగుతుంది, కారు దొర్లుతూ పోతుంది. ముందు ట్రాఫిక్ ఆగడం దూరంనుంచే చూసి కాలు తీసేసేవాళ్లకు దీనివల్ల బాగా కలిసొస్తుంది. స్పోర్ట్ మోడ్‌లో పెడితే ఇది రాదు.

టెస్ట్_సైకిల్

పై లెక్కకు స్టిక్కర్ వైపు నుంచి కొంత చేర్చాలి.

ఈపీఏ సిటీ టెస్టు 11 మైళ్లు, సగటు స్పీడు 21 మైళ్లు. హైవే టెస్టు 10 మైళ్ల పైచిలుకు, సగటు 48, ఎక్కడా 60 దాటదు. ఇవి పాత టెస్టులు. 2008 మోడళ్ల నుంచి ఇంకో మూడు కలిపారు: 80 మైళ్ల దాకా పోయే, గట్టిగా తొక్కే టెస్టు ఒకటి, 95 డిగ్రీల ఎండలో ఏసీ వేసి చేసేది ఒకటి, 20 డిగ్రీల చలిలో చేసేది ఒకటి. డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్. అయితే ప్రతి కారునీ ఐదు టెస్టుల్లోనూ నడిపి తీరాలని లేదు. మొదటి రెండు టెస్టుల ఫలితానికి ఈపీఏ ఇచ్చిన సూత్రం వర్తింపజేసి స్టిక్కర్ అంకె తేల్చుకోవచ్చు. ఆ సూత్రం అన్ని కార్ల సగటు మీద కట్టింది. పొడుగు గేర్లు, పెద్ద ఇంజిన్ ఉన్న కారు నిలకడగా పోయేటప్పుడు ఆ సగటు కంటే మెరుగ్గా చేయవచ్చు. హైవే మీద స్టిక్కర్ దాటడం పోర్షాలకు మామూలే. సీ8 కూడా 70 దగ్గర క్రూయిజ్ పెడితే 24 దాటుతుంది.

సీ8 స్టిక్కర్‌ని ఇంకాస్త దగ్గరగా చూడండి. 2020, 2021 కార్లకు 15/27/19. 2022 నుంచి 16/24/19. కంబైన్డ్ ఒక్కటే, హైవే మాత్రం 3 తగ్గినట్టుంది. 2021 కారు టోల్‌వే మీద 12 శాతం మెరుగని దీన్ని చూసి అనుకోకండి. రెంటిలోనూ అదే 6.2 లీటర్ల ఇంజిన్, అదే 8 స్పీడ్ గేర్‌బాక్స్. కొనేటప్పుడు ఈ తేడాకి డబ్బు పెట్టక్కర్లేదు.

మీకు ముఖ్యమైంది స్పీడు. ఓవర్‌డ్రైవ్ గారి లెక్కనే పొడిగిస్తే 70 దగ్గర 27 ఎంపీజీ వచ్చే కారు 85 దగ్గర 23కి దిగుతుంది. గాలి బలం స్పీడు వర్గంతో పెరుగుతుంది, ఇంజిన్ సామర్థ్యం కొంచెం మెరుగుపడి ఆ దెబ్బలో కొంత భాగాన్నే కాస్తుంది. మీ టోల్‌వే మీద 72లో పోయే కార్వెట్, 82లో పోయే 911 కంటే తక్కువ తాగుతుంది. కారు కంటే కాలే ఎక్కువ తేడా చేసే చోటు అది.

రెండోది చలి ఇంజిన్. ఆయిల్, కూలెంట్ వేడెక్కేదాకా మిశ్రమం రిచ్‌గా పోతుంది, ఆయిల్ చిక్కగా ఉండి రాపిడి ఎక్కువ. 77 డిగ్రీలతో పోలిస్తే 20 డిగ్రీల చలిలో సిటీ మైలేజీ 15 శాతం దాకా పడుతుందని, మూడు నాలుగు మైళ్ల చిన్న ట్రిప్పుల్లో 24 శాతం దాకా పోవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. ఈ కార్లలో ఆయిల్ ఎక్కువ, సీ8 డ్రై సంప్‌లో (ఆయిల్‌ని విడి ట్యాంకులో ఉంచే పద్ధతి) 7.5 క్వార్టులు, అది వేడెక్కడానికి టైం పడుతుంది. మీ 30 మైళ్ల ప్రయాణం ఈ విషయంలో మీకు మేలే. వారాంతం పాలకో పిల్లల క్లాసుకో రెండు మైళ్లు తిప్పితే మాత్రం సగటు అక్కడే కూలుతుంది.

పంపు_దగ్గర

ఎంపీజీ అంకెల్ని నేరుగా పోల్చడం ఆపేసి గాలన్లలోకి మార్చండి. ఏడాదికి 15,000 మైళ్లకు కంబైన్డ్ అంకెతో:

సుప్రా ఆటోమేటిక్ 577 గాలన్లు, సుప్రా మాన్యువల్ 714, 911 కరెరా 750, సీ8 789, మస్టాంగ్ 833.

ఇప్పుడు ధర. టెక్సస్‌లో రెగ్యులర్ 87, ప్రీమియం 93. లెక్క కోసం ప్రీమియం గాలన్ 3.50 డాలర్లు, రెగ్యులర్ 2.80 అనుకుందాం. సుప్రాకి 91 లేదా పైది తప్పనిసరి. 911కీ, సీ8కీ ప్రీమియమే పోయాలి. మస్టాంగ్ జీటీ 5.0కి ఫోర్డ్ 87ని అనుమతిస్తుంది, పూర్తి పవర్ కావాలంటే ప్రీమియం పొయ్యమంటుంది.

అంటే సుప్రా ఆటోమేటిక్ 2,020 డాలర్లు, మస్టాంగ్ రెగ్యులర్ మీద 2,332, సుప్రా మాన్యువల్ 2,500, 911 2,625, సీ8 2,760. స్టిక్కర్‌లో అందరికంటే అడుగున ఉన్న మస్టాంగ్, డాలర్లలో రెండో స్థానానికి వచ్చింది. మీరడిగిన రెగ్యులర్ సంగతికి జవాబు ఇదే: కలిసొస్తుంది.

87 పోస్తే ఏమవుతుంది? 5.0 ఇంజిన్‌లో నాక్ (పెట్రోల్ తనంతట తాను ముందే మండి కొట్టే చప్పుడు) పసిగట్టే సెన్సర్లు ఉంటాయి. లోడ్ పడ్డప్పుడు నాక్ వినిపిస్తే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, పవర్, మైలేజీ రెండూ కొంచెం తగ్గుతాయి. నిలకడగా 70లో పోయేటప్పుడు లోడ్ తక్కువ, నాక్ రాదు, కాబట్టి అక్కడ 87కీ 93కీ తేడా దాదాపు ఉండదు. ఆగస్టులో 105 డిగ్రీల ఎండలో, జామ్‌లోంచి బయటపడి గట్టిగా తొక్కితే తేడా తెలుస్తుంది. ట్రాక్‌కి వెళ్లే రోజు ట్యాంకు ఖాళీ చేసుకుని 93 పొయ్యండి, సగం సగం కలిపితే రెండింటి మధ్య ఎక్కడో ఆగుతుంది.

పంపులో వచ్చేది ఎలాగూ 10 శాతం ఇథనాల్ కలిపినది. అసలు పెట్రోల్ కంటే దానిలో 3 శాతం శక్తి తక్కువ. ఇథనాల్ లేని పెట్రోల్ దొరికే బంకులు కొన్ని ఉంటాయి, కానీ ధర 3 శాతం కంటే చాలా ఎక్కువ. మైలేజీ కోసం దాన్ని వెతుక్కుంటూ తిరగడం దండగ.

ఇంకో మాట. సుప్రాకీ సీ8కీ ఏడాది తేడా 740 డాలర్లు. వెనక టైర్ల జత, ఇన్సూరెన్స్ కోట్ పక్కన పెట్టి చూడండి. రెండు కార్లకూ మీ జిప్ కోడ్‌తో కోట్ తెప్పించుకున్నాకే ఈ 740ని తూచండి.

ప్రాస్పర్_కమ్యూట్

చాలా ఉపయోగపడింది, అందరికీ థాంక్స్. గాలన్లలో చూడాలన్న ఆలోచనే రాలేదు. ఇంకో రెండు సందేహాలు. సీ8 అయితే ఈ-రే చూడు, హైబ్రిడ్ కాబట్టి మైలేజీ ఎక్కువ అని ఒకరన్నారు, నిజమేనా? సీ8 హైవేలో నాలుగు సిలిండర్ల మీద నడుస్తుంది కదా, అది 75, 80 దగ్గర కూడా పనిచేస్తుందా?

ఓవర్‌డ్రైవ్

ఈ-రే ఈపీఏ అంకె చూడండి: 16/24/19. స్టింగ్రేకి అణుమాత్రం తేడా లేదు. ముందు చక్రాలకు 160 హార్స్‌పవర్ మోటారు, 1.9 కిలోవాట్ అవర్ల చిన్న బ్యాటరీ. అది ప్లగ్ పెట్టేది కాదు. బ్యాటరీ పని స్టార్టింగ్‌లో, మలుపుల్లో నాలుగు చక్రాలకూ తోపు ఇవ్వడం. దాని స్టెల్త్ మోడ్‌లో ఇంజిన్ లేకుండా 45 మైళ్ల స్పీడు లోపు మూడు నాలుగు మైళ్లు కాలనీలోంచి నిశ్శబ్దంగా బయటపడొచ్చు, అంతే. ఈ-రేని దాని ఆల్ వీల్ డ్రైవ్ కోసం కొనాలి, పంపు కోసం కాదు.

హైబ్రిడ్‌తో సిటీ మైలేజీ నిజంగా పెరిగిన స్పోర్ట్స్ కారు కావాలంటే 2017 నుంచి 2022 దాకా వచ్చిన అక్యూరా ఎన్‌ఎస్ఎక్స్ ఉంది. 2021 దాకా మోడళ్లలో 573 హార్స్‌పవర్, ఈపీఏ 21/22/21. సిటీకీ హైవేకీ ఒక్క ఎంపీజీయే తేడా, ఆ తరగతిలో అరుదు. ఆగుతూ కదులుతూ పోయే చోట మోటార్లు ఇంజిన్‌ని ఆదుకుంటాయి, హైవే మీద వాటికి చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు. మీ రూట్‌లో జామ్ పావు వంతే కాబట్టి ఆ లాభం మీకు పూర్తిగా దక్కదు.

సీ8లోనే ఎక్కువ పవర్ ఉన్న జడ్06 (Z06) వైపు మనసు పోతే అది వేరే లోకం అని గుర్తుంచుకోండి. 5.5 లీటర్ల 670 హార్స్‌పవర్ ఇంజిన్, స్టింగ్రేలో 4.89 ఉండే ఫైనల్ డ్రైవ్ ఇక్కడ 5.56. ఈపీఏ 12/21/15. కొత్తదైతే గ్యాస్ గజ్లర్ పన్ను (ఎక్కువ పెట్రోల్ తాగే కార్ల మీద అమెరికా వేసేది) కూడా పడుతుంది. ఆ పన్ను స్టిక్కర్ అంకె మీద వేయరు, ల్యాబ్‌లో వచ్చిన సర్దుబాటు చేయని అంకె 22.5 లోపు ఉంటే వేస్తారు. అందుకే స్టిక్కర్‌లో 19 చూపించే కార్లు దాని నుంచి తప్పించుకుంటాయి.

నాలుగు సిలిండర్ల ప్రశ్న: పనిచేస్తుంది. 6.2 లీటర్ల ఇంజిన్ 1, 4, 6, 7 సిలిండర్ల వాల్వుల్ని మూసేస్తుంది. మిగిలిన నాలుగింటికి థ్రాటిల్ ఎక్కువ తెరవాల్సి వస్తుంది కాబట్టి పైన చెప్పిన పంపింగ్ లాస్ తగ్గుతుంది. అయితే ఆ నాలుగు సిలిండర్లు ఇవ్వగలిగిన టార్క్ సరిపోయినంత సేపే ఇది నిలుస్తుంది. చదును రోడ్డు, 65 నుంచి 75, ఎదురు గాలి లేకపోతే ఎక్కువసేపు వీ4లో ఉంటుంది. 80 దాటినా, ఓవర్‌పాస్ ఎక్కినా, ఉత్తరం గాలి కొట్టినా వీ8కి వస్తుంది. పాడిల్ నొక్కి మాన్యువల్ మోడ్‌లో పెడితే వీ4 అసలు రాదు. ఆ మోడ్‌లోనే రోజంతా తిరిగి మైలేజీ రావట్లేదని వాపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. డాష్‌లో వీ4 గుర్తు ఎంతసేపు వెలుగుతోందో చూస్తూ క్రూయిజ్‌ని రెండు మైళ్లు అటూ ఇటూ మార్చండి, మీ రోడ్డుకి సరిపడే స్పీడు మీకే దొరుకుతుంది.

రేంజ్ కూడా చూసుకోండి. సీ8 ట్యాంకు 18.5 గాలన్లు, సుప్రాది 13.7. హైవేలో 26 చొప్పున సీ8 480 మైళ్లు, 30 చొప్పున సుప్రా 410 మైళ్లు. తక్కువ తాగే కారుకే బంకు ముందొస్తుంది.

ఓఆర్ఆర్_ఉదయం

హైదరాబాద్ వైపు నుంచి ఇదే ప్రశ్న చూస్తున్నవాళ్లకు కొంత చేరుస్తాను, ఎందుకంటే ఇక్కడ లెక్క మారుతుంది.

ముందు మార్పిడి: ఎంపీజీని 0.425తో గుణిస్తే లీటరుకి కిలోమీటర్లు. 19 ఎంపీజీ అంటే 8, 26 అంటే 11. ఇండియాలో కంపెనీ చెప్పే సర్టిఫైడ్ అంకె వచ్చే టెస్టులో గరిష్ఠ స్పీడు 90 కిలోమీటర్లే. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద మొదటి రెండు లేన్ల పరిమితి 120. కాబట్టి ఆ అంకెను ఓఆర్ఆర్‌తో పోల్చకండి. యూరప్ వాళ్ల డబ్ల్యూఎల్‌టీపీ టెస్టు 131 దాకా పోతుంది, అదే కారుకి ఆ అంకె దొరికితే దాన్నే నమ్మండి.

రెండోది పెట్రోల్. ఇప్పుడు మామూలు పంపుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపినది. ఇథనాల్ లీటరుకి 21 మెగాజౌళ్లు, పెట్రోల్ 32. దాన్నిబట్టి ఈ20లో అసలు పెట్రోల్ కంటే దాదాపు 7 శాతం, ఈ10 కంటే మూడున్నర శాతం శక్తి తక్కువ. అమెరికా ఓనర్ 8.5 చెబితే, అదే కారు అదే నడకతో ఇక్కడ 8.2 ఇవ్వడం మామూలే, కారులో లోపం కాదు. ఆక్టేన్ కూడా నేరుగా పోల్చొద్దు. ఇక్కడ పంపు మీద రాసేది రాన్ (RON, ఆక్టేన్ కొలిచే ఒక పద్ధతి). అమెరికా పంపు మీదది రెండు పద్ధతుల సగటు, ఎప్పుడూ 4, 5 తక్కువగా కనిపిస్తుంది. అక్కడి 93 సుమారు ఇక్కడి 98. ట్యాంకు మూత లోపలి స్టిక్కర్‌లో 98 అని ఉంటే ఎక్స్‌పీ100 లాంటి 100 ఆక్టేన్ పెట్రోల్ అందుబాటులో ఉందో లేదో ముందే చూసుకోండి. ఇంజిన్‌కి, ఫ్యూయెల్ లైన్లకు ఈ20 అనుమతి ఉందా అన్నది అదే స్టిక్కర్‌లోనో ఓనర్స్ మాన్యువల్‌లోనో ఉంటుంది, ముఖ్యంగా పాత దిగుమతి కార్లు కొనేవాళ్లు చూడాలి.

మూడోది ట్రాఫిక్. పెద్ద వీ8 ఏసీ వేసుకుని ఐడిల్‌లో నిలబడితే గంటకు సుమారు 2 లీటర్లు తాగుతుంది. గచ్చిబౌలి నుంచి హైటెక్ సిటీ వైపు సాయంత్రం 8 కిలోమీటర్లకు 40 నిమిషాలు పడితే, అందులో సగం నిలబడ్డ టైమే అయినా 0.7 లీటరు కదలకుండానే పోయింది. ఆ 8 కిలోమీటర్లకు కదలడానికి ఇంకో లీటరున్నర. లీటరుకి 4 కూడా రాదు. 2016 నుంచి కొన్నేళ్లు ఇక్కడ అమ్మిన మస్టాంగ్ వీ8 గురించి 4 వచ్చిందని ఒకరు, 9 వచ్చిందని ఒకరు చెబితే ఇద్దరూ నిజమే చెబుతున్నారు. రోడ్డు అడగండి.

ఎడమ_లేన్

జర్మనీ నుంచి చిన్న మాట. పై లెక్కనే ఆటోబాన్ స్పీడులకు పెట్టి చూస్తే, గంటకు 130 కిలోమీటర్ల దగ్గర 100 కిలోమీటర్లకు 9.5 లీటర్లు, 200 దగ్గర 16.5, 250 దగ్గర 24. నిలకడగా 250లో పోతే 911 కరెరా 64 లీటర్ల ట్యాంకు గంట పైన కొద్ది నిమిషాలకే ఖాళీ. టర్బో ఇంజిన్లలో ఇంకో దెబ్బ ఉంటుంది: చాలాసేపు ఫుల్ లోడ్‌లో ఉంటే టర్బైన్, క్యాటలిస్ట్ కాలిపోకుండా ఈసీయూ పెట్రోల్ ఎక్కువ పోసి చల్లబరుస్తుంది, అది కదలికకు పనికొచ్చే పెట్రోల్ కాదు. వెనక రెక్క పెద్దదున్న మోడల్ అయితే ఈ అంకెలు ఇంకా పెరుగుతాయి. 120 లోపు తిరిగేవాళ్లకు రెక్క వల్ల పోయేది కొంచెమే.

స్పానర్_13

కొన్నాక ఎలా కొలవాలో, మైలేజీ పడిపోతే ఎక్కడ చూడాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి.

డాష్ అంకె ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో చూసి ఈసీయూ వేసే అంచనా, కొన్ని శాతం ఎక్కువ చూపించడం సాధారణం. అసలు లెక్కకు ఒకే బంకులో, వీలైతే ఒకే పంపు దగ్గర, మొదటి క్లిక్‌కే ఆపండి. పైన ఇంకొంచెం కుక్కితే లెక్క తప్పడమే కాదు, ఆవిరి పట్టే చార్‌కోల్ క్యానిస్టర్‌లోకి పెట్రోల్ పోయి అది పాడవుతుంది. ట్రిప్ మీటర్ సున్నా చేయండి. ఒక్క ట్యాంకుతో తేల్చకండి, క్లిక్ అయ్యే చోటు అర గాలన్ తేడా వచ్చినా సుప్రా ట్యాంకులో అది 4 శాతం. నాలుగైదు ట్యాంకుల మైళ్లన్నీ కూడి, గాలన్లన్నీ కూడి భాగించండి. ఒక్కో ట్యాంకు ఎంపీజీ విడిగా తీసి సగటు వేస్తే తప్పు వస్తుంది.

వాడిన కారు కొన్న మొదటి వారమే ఇవి చూడండి. టైర్ ప్రెషర్ ఉదయం చల్లగా ఉన్నప్పుడు, డోర్ ఫ్రేమ్ స్టిక్కర్ ప్రకారం. ఒక్కో పీఎస్ఐ తగ్గితే 0.2 శాతం మైలేజీ పోతుంది, 10 డిగ్రీల ఫారెన్‌హీట్ చలికి ఒక పీఎస్ఐ దిగుతుంది. డాలస్‌లో ఆగస్టులో పట్టించిన గాలి జనవరికి 5, 6 తక్కువ ఉంటుంది. బ్రేకు క్యాలిపర్ పట్టేసిందేమో చూడటానికి ఇరవై నిమిషాలు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి ఆపి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో నాలుగు డిస్కులూ చూడండి. ఒకే యాక్సిల్ మీద ఒకటి రెండోదాని కంటే బాగా వేడిగా ఉంటే అక్కడే శక్తి పోతోంది. చేయి పెట్టి చూడకండి. ముందు ఓనర్ ట్రాక్‌కి తిప్పినవాడైతే అలైన్‌మెంట్‌లో టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఎక్కువ పెట్టించి ఉండొచ్చు, టైరు లోపలి అంచు ముందు అరుగుతుంది, కారు ఎప్పుడూ కొంచెం ఈడుస్తూ పోతుంది. ఫ్యాక్టరీ అలైన్‌మెంట్‌కి తిప్పించుకోండి. కూలెంట్ పూర్తి వేడికి రావడానికి మరీ టైం పడుతుంటే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయింది, కోడ్ పీ0128 వస్తుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు కాబట్టి ఈసీయూ పెట్రోల్ ఎక్కువ పోస్తుంటుంది. ఖరీదైన ఎయిర్ ఫిల్టర్‌తో మైలేజీ పెరుగుతుందనే మాట మాత్రం నమ్మకండి. ఈ ఇంజిన్లు వచ్చే గాలిని కొలిచి దానికి తగ్గట్టే పెట్రోల్ పోస్తాయి, ఫిల్టర్ మూసుకుపోతే పవర్ తగ్గుతుంది గానీ క్రూయిజ్‌లో మైలేజీ దాదాపు మారదు.

ఈ85కి (85 శాతం దాకా ఇథనాల్ ఉండే ఇంధనం) ట్యూన్ చేసిన కారు తక్కువ ధరకు కనబడితే అడిగి తెలుసుకోండి. పవర్ బాగా వస్తుంది, కానీ గాలన్‌కి శక్తి పావు వంతు తక్కువ, తాగేది ఆ మేరకు పెరుగుతుంది. రోజూ 60 మైళ్లకు అది పనికిరాదు.

చివరగా ఓడోమీటర్. టైరు సైజు మారిస్తే కారుకి తెలియదు. 275/35 19 బదులు 285/35 19 వేస్తే చుట్టుకొలత 1 శాతం పెరుగుతుంది, మైళ్లు 1 శాతం తక్కువ చూపిస్తుంది. అరుగుదల దీనికి ఎదురు పనిచేస్తుంది: 8 మిల్లీమీటర్ల ట్రెడ్ 2కి వస్తే వ్యాసం 12 మిల్లీమీటర్లు తగ్గుతుంది, ఓడోమీటర్ దాదాపు 2 శాతం ఎక్కువ మైళ్లు రాస్తుంది. టైర్లు మార్చిన నెలలోనే మైలేజీ పడిపోయింది అనేవాళ్ల ఫిర్యాదులో సగం ఇదే. ఇంటర్‌స్టేట్ మీద మైలు రాళ్లు చూస్తూ 50 మైళ్లు లెక్కపెట్టి ట్రిప్ మీటర్‌తో సరిచూసుకోండి, వచ్చిన తేడాని గుణకంగా రాసిపెట్టుకుని ప్రతి ట్యాంకు మైళ్లకూ వాడండి. టైర్లు మారిన ప్రతిసారీ ఆ గుణకం మళ్లీ తీయాలి.